స్టూడియో కంటే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నలుగురు మిత్రులు కలిసి రాక్ బ్యాండు పెట్టారనీ, వచ్చే నెలలోనే స్టూడియో తీసుకుని ఆల్బమ్ రికార్డు చేయాలనుకుంటున్నారనీ మీ అమ్మ చెప్పింది. సంతోషమే గాని, ఆ స్టూడియో మాట ఒక ఏడాది పక్కన పెట్టమని చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఢిల్లీకి చెందిన ఇండియన్ ఓషన్ అనే బ్యాండు ప్రస్థానాన్ని ఒకసారి పరిశీలించు. 1990లో గిటార్ వాయించే సుస్మిత్ సేన్, తబలా వాయిస్తూనే పాడే అషీమ్ చక్రవర్తి దానిని మొదలుపెట్టారు. మరుసటి ఏడాది బేస్ గిటార్‌తో రాహుల్ రామ్, 1994లో డ్రమ్స్‌తో అమిత్ కిలమ్ చేరారు. అందరూ గుర్తుపట్టే వారి సౌండు 2000లో వచ్చిన 'కందీసా' ఆల్బమ్ నాటికి గాని పూర్తిగా తేలలేదు. నర్మదా ఉద్యమంలో పనిచేసిన రాహుల్ రామ్ వెంట నర్మదా నది మీది 'మా రేవా' పాట వచ్చింది. కేరళ సిరియన్ క్రైస్తవుల ప్రాచీన ప్రార్థనాగీతం ఆ ఆల్బమ్‌కు పేరే అయింది. మనుషులు తమ వెంట తెచ్చుకున్నవే అవి, అలంకారానికి అతికించినవి కావు. తెలుగుదనం కోసం ఒక పాటలో డప్పు పెడతామన్నావట. మీలో డప్పు వాయించేవాడు ఉంటే పెట్టండి, లేకపోతే ఆ ఊసు వద్దు.

పాటలోని మాటల విషయంలో మాత్రం చాలా శ్రద్ధ కావాలి. తెలుగు పదం సాధారణంగా అచ్చుతో ముగుస్తుంది, కాబట్టి హల్లుతో ఠక్కున తెగే ఇంగ్లిషు పాట నడకను తెచ్చి దాని మీద తెలుగు మాటలు కూర్చితే, హ్రస్వం ఉండవలసిన చోట దీర్ఘం సాగి పాట డబ్బింగులా వినిపిస్తుంది. ముందు సాహిత్యాన్ని మామూలుగా పైకి చదవండి, దీర్ఘాలు ఎక్కడ పడుతున్నాయో చూడండి, అక్కడ చోటు వదిలేలా డ్రమ్స్ నడకను మార్చుకోండి. ఈ ఒక్క పనికే మీకు నెలలు పడుతుంది.

ప్రతి రిహార్సల్‌నూ ఫోనులో రికార్డు చేసి, ఆ రాత్రి కాక మర్నాడు వినండి. కాలితో వాయించే కిక్ డ్రమ్మూ బేస్ గిటారూ ఒకదానినొకటి మింగేస్తున్నాయంటే రెండూ పెంచకుండా ఏదో ఒకటి తగ్గించాలి. గిటారిస్టులు వంతులవారీగా ఆంప్ (గిటార్ ధ్వనిని పెంచే యాంప్లిఫయర్) సౌండు పెంచుకుంటూ పోవడం అన్ని బ్యాండ్లలోనూ ఉన్న జబ్బే.

ముప్పై ఏళ్ల కిందట సికింద్రాబాదులో మా బ్యాండు ఇతరుల పాటలే వాయించేది. అసలు రికార్డు విని వచ్చిన శ్రోతలు మా తప్పులు లెక్కపెట్టేవారు. చివరకు సొంత పాట ఒకటి చేశాక, రిఫ్ (పాటలో పదేపదే వచ్చే చిన్న గిటార్ వరుస) ఒకరిది, బాణీ ఒకరిది, మాటలు ఇంకొకరివి కావడంతో అది ఎవరి పాట అన్న తగాదాలోనే విడిపోయాము. అందుకే పాట పూర్తయిన సాయంత్రమే ఎవరి వాటా ఎంతో కాగితం మీద రాసుకుని అందరూ సంతకాలు పెట్టండి. రచనకూ బాణీకీ ఉన్న హక్కు వేరు, రికార్డింగు మీద హక్కు వేరు. రచయితకూ స్వరకర్తకూ రావలసిన రాయల్టీకి 2012 నాటి కాపీరైట్ చట్టసవరణ రక్షణ కల్పించింది గనుక, ఏ కంపెనీ ఒప్పందం ఇచ్చినా చదవకుండా సంతకం చేయవద్దు.

ఎప్పుడో ఒకరు వెళ్లిపోతారు. 2009 డిసెంబరులో అషీమ్ మరణించాక ఇండియన్ ఓషన్‌లో తబలాకు ఒకరు, గాత్రానికి ఒకరు, ఇద్దరు వచ్చారు. 2013లో సుస్మిత్ కూడా తప్పుకున్నారు, బ్యాండు మాత్రం సాగింది. మీ డ్రమ్మర్ ఉద్యోగం కోసం ఊరు విడిచి వెళితే అతనిలా వాయించేవాడి కోసం వెతక్కండి. కొత్తవాడు వచ్చాక పాత పాటలను అతని చేతికి తగినట్టు మళ్లీ కూర్చండి.

నా పాత బేస్ ఆంప్ అటక మీద ఉంది, ఫ్యూజు ఒక్కటి మార్చాలి. ఆదివారం ఇద్దరు వచ్చి దించుకుని తీసుకెళ్లండి, ఒక్కడి వల్ల కాదు.

మీ మామయ్య