పాట ‘ఆడడం’ ఏమిటి?

సందేహం: మా మనవరాలు ఏడో తరగతి. ఫోన్లో ఫ్రీగా దొరికే పాటల గేమ్ ఒకటి ఆడుతుంది. పాట వస్తుంటే పైనుంచి నల్ల పలకలు జారుతుంటాయి, దెబ్బ పడే వేళకి వాటి మీద వేలు వేయాలి. మొన్న ‘తాతా, ఈ పాట ఆడనా?’ అంది. ‘పాట ఆడడమేమిటే, వాయించనా అను’ అన్నాను. ‘నేనేం వాయించట్లేదు, ఆడుతున్నా’ అని వాదన. ఎవరి మాట ఒప్పు? వేలు తప్పితే ‘బీట్ మిస్’ అంటుంది. అది తాళం తప్పడమా, లయ తప్పడమా? ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నప్పుడు మరీ తప్పుతుంది.
– ఒక పాఠకుడు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

సమాధానం: మీ మనవరాలు చేస్తున్నది ఆడడమేనండి. అంతవరకు ఆమె మాటే ఒప్పు. అయితే ‘పాట ఆడనా’ అనేది తెలుగు కాదు, అక్కడ మీ చెవి సరిగ్గానే పట్టింది.

ఇంగ్లీషులో ‘ప్లే’ అనే ఒక్క మాట క్రికెట్‌కీ, వీణకీ, నాటకానికీ, రికార్డుకీ సరిపోతుంది. మనకు అలా కుదరదు. ఆట ఆడతాం, పాట పాడతాం. వీణ మీటుతాం, సన్నాయి ఊదుతాం, డప్పు కొడతాం, శంఖం పూరిస్తాం. రికార్డయిన పాటైతే ‘పెట్టు’ అంటాం, రేడియోలో అయితే ‘మంచి పాట వేశారు’ అంటాం. చేసే పనిని బట్టి క్రియ మారిపోతుంది.

‘ఆడు’కు మూలం కదలిక. ఊపిరి ఆడడం లేదు, భయంతో కాళ్ళూ చేతులూ ఆడలేదు, తల ఆడించాడు, మిల్లులో పిండి ఆడించాం. వీటన్నిటిలో ఉన్నది అదే. వాయించడానికి కదలిక ఒక్కటే చాలదు, అందులోంచి నాదం పుట్టాలి. ఫోన్లో పాట ముందే తయారై ఉంది. 2014లో వచ్చిన పియానో టైల్స్ లాంటి వాటిలో పలక నొక్కితేనే స్వరం పలుకుతుంది కాబట్టి అక్కడ మీ ‘వాయించు’కు కొంత చోటుంది. అయినా ఏ స్వరం పలకాలో ఆటే నిర్ణయించేసింది. పిల్ల వేలికి మిగిలింది వేళ ఒక్కటే.

ఇలాంటి ఆట మనకు కొత్తేమీ కాదు. కోలాటం చూడండి. కోల మీద కోల సరిగ్గా దెబ్బకి పడాలి, ఒక్క క్షణం అటూ ఇటూ అయితే ఎదుటి మనిషి కోల గాలిలో మిగిలిపోతుంది. చప్పుడు చేసే పనే అయినా ‘కోలలు వాయిస్తున్నాం’ అని ఎవరూ అనరు, పేరులోనే ఆట ఉంది. మన ఉత్తరాంధ్ర తప్పెటగుళ్ళలోనూ అంతే. ఛాతీకి కట్టుకున్న రేకు తప్పెటను మోగిస్తూనే గెంతుతారు, ఆ రెంటినీ కలిపి ‘ఆడుతున్నారు’ అనే అంటాం. 1998లో జపాన్‌లో కోనామీ సంస్థ తెచ్చిన డాన్స్ డాన్స్ రెవల్యూషన్ అనే గేమ్‌లోనైతే తెరమీద బాణం గుర్తు వచ్చే వేళకి కాలితో తొక్కాలి. కోలాటం తెలిసినవాళ్ళకు అది వింతగా అనిపించదు.

కాబట్టి ఒక్క అక్షరం చేర్చమనండి: ‘ఈ పాటకి ఆడనా?’ డాన్స్ చేసే పిల్లలు ‘ఏ పాటకి చేస్తున్నావ్?’ అని అడుగుతారే, ఆ ‘కి’నే.

ఇక రెండో సందేహం. నాకు ఇష్టమైన విషయం, కాస్త ఎక్కువ చెబుతాను. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం సమంగా సాగడం లయ. ఆ దెబ్బలను ఒక లెక్కలో కట్టి, తిరిగి మొదటికి రావడం తాళం. ఆది తాళమైతే ఒక దెబ్బ, మూడు వేళ్ళు, ఆపైన దెబ్బ, విసురు, మళ్ళీ దెబ్బ, విసురు, మొత్తం 8. ఇందులో ఎన్నో లెక్కలో ఉన్నామో మరిచిపోతే తాళం తప్పినట్టు. లెక్క గుర్తుండి కూడా పరుగెత్తినా, ఈడ్చినా లయ తప్పినట్టు. పక్కనే విజయనగరంలో 1919లో మొదలైన సంగీత కళాశాలకు తొలి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసుగారు చేతులతోనూ కాళ్ళతోనూ ఏకకాలంలో వేర్వేరు తాళాలు వేసేవారు. అన్ని లెక్కలను ఒకే లయ మీద నిలబెట్టడం ఎంత కష్టమో ఒకసారి రెండు చేతులతో ప్రయత్నించి చూడండి.

మీ మనవరాలికి తప్పుతున్నది ఈ రెండూ కాదు, ఒక్క దెబ్బ. దానికి ‘దరువు’ అనే చక్కని మాట ఉంది. ‘దరువు తప్పింది’ అంటే సరిపోతుంది. ‘బీట్ తప్పింది’ అన్నా నాకు అభ్యంతరం లేదు, బీట్ ఇప్పుడు మన మాటే. మొన్న సింహాచలం బస్సులో నా పక్కన కూర్చున్న కుర్రాడు రెండు బొటనవేళ్ళతో ఇలాంటి ఆటే ఆడుతున్నాడు. స్పీడ్ బ్రేకర్ మీద బస్సు ఎగిరింది, వేలు పలక పక్కన పడింది. ‘అబ్బా, పోయింది!’ అన్నాడు. ఆ ‘పోయింది’కి మించిన తెలుగు నేను చెప్పలేను.

ఇయర్‌ఫోన్స్ సంగతి కూడా రాశారు. అవి బ్లూటూత్‌వి అయితే తప్పు పిల్లది కాకపోవచ్చు. ఫోన్ నుంచి చెవికి శబ్దం చేరడానికి కొంత ఆలస్యమవుతుంది, పలక మాత్రం వేళకే దిగిపోతుంది. పిల్ల విన్నదాన్ని బట్టి సరిగ్గానే నొక్కుతుంది, ఆట తప్పంటుంది. ఇలాంటి చాలా ఆటల సెట్టింగ్స్‌లో ఈ ఆలస్యాన్ని సరిచేసుకునే వీలుంటుంది, లేదా వైరున్నవి వాడమనండి. బ్లూటూత్ వల్ల అలా తప్పినప్పుడు ‘లయ తప్పావు’ అనకండి, ‘చప్పుడు వెనకబడింది’ అనండి.