మా నాలుగెకరాలకు పట్టిన తుప్పు, ఎరువుల ధర

"రసాయన ఎరువులు లేకుండా మన దేశంలో వ్యవసాయం సాధ్యమేనా? నేల పాడైంది వాటివల్లే అంటారు, నిజమేనా?" అని ప్రశ్న. సాధ్యం కాదు. నేలను పాడుచేసింది ఎరువు కాదు, ఎరువు ధర. నా జవాబు ఇంతే. ఇలా ఎందుకంటున్నానో కింద రాశాను. కొంచెం పొడుగైంది, ఓపికుంటే చదవండి.

మాది మిర్యాలగూడ వైపు, నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద నాలుగెకరాలు. 2013 వానాకాలం సంగతి ఇది. హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి నేను ఇంటికొచ్చాక వేసిన మొదటి పంట. ఎందుకు మానేశానన్నది వేరే కథ. ఆ ఏడు కాలువకు నీళ్లు బాగా వచ్చాయి. దమ్ములోనే, అంటే నాటుకు ముందు బురద దున్నేటప్పుడే, ఎకరాకు బస్తా డీఏపీ ఎరువు చల్లి బీపీటీ రకం వరి నాటు వేశాం. అన్నట్టు మా దగ్గర ఎరువును పిండి అంటారు. "పిండి చల్లినవా?" అని అడిగితే కొత్తవాళ్లు అయోమయంగా చూస్తారు.

నాటేసి ఇరవై రోజులు దాటేసరికి చేను రంగు మారింది. పచ్చగా తిరగాల్సిన పైరు వానకు తడిసిన ఇనుప రేకులా తుప్పు పట్టింది. పిలకలు వేసి దుబ్బు చేయలేదు, నాటిన రోజు ఎంతుందో అంతే ఉంది. గట్టు అవతల మామ చేను మాత్రం నిగనిగలాడుతోంది. పక్క చేను పచ్చగా, మన చేను ఎర్రగా ఉంటే ఇంట్లో ఏం జరుగుతుందో పల్లెటూరివాళ్లకు నేను చెప్పక్కర్లేదు. నాయినకు అన్నం సహించలేదు. పొద్దున్నే పోయి గట్టు మీద నిలబడటం, బీడీ కాల్చడం, ఇంటికొచ్చి అమ్మ మీద అరవడం. అమ్మ చల్లిందా పిండి? అయినా ఆమె మీదే.

మూడో రోజు ఇద్దరం బండేసుకొని ఎరువుల షాపుకు పోయాం. ఒక మొక్కను వేళ్లతో సహా పీకి, తడి గుడ్డ చుట్టి, కవర్లో పెట్టుకొని పోయాం. సేటు ఆ కవర్ విప్పనైనా లేదు. "పైరు ఆకలి మీదున్నది. ఎకరాకు అర బస్తా డీఏపీ, అర బస్తా యూరియా కలిపి చల్లు. ఈ టానిక్ సీసాలు కూడా తీస్కపో, పదిరోజుల్ల పచ్చబడ్తది" అన్నాడు. తెచ్చాం. చల్లాం. ఉద్దెరకు తెచ్చుకునేవాడు ప్రశ్నలడగడు.

చదువుకున్నవాళ్లు ఇక్కడ నన్నొక మాట అంటారు: షాపువాడి మాట ఎందుకు విన్నారు, వ్యవసాయ అధికారిని అడగొచ్చుగా అని. అడగొచ్చు. ఆయనకు మండలంలోని ఊళ్లన్నీ చూసుకోవాలి, పైగా నష్టం సర్వేలు, లిస్టులు, మీటింగులు. షాపు పొద్దున ఏడింటికి తెరుస్తారు, రాత్రి తొమ్మిది దాకా ఉంటుంది, పైసలు పంట చేతికొచ్చాక అడుగుతారు. మా వైపు రైతుకు వ్యవసాయ విశ్వవిద్యాలయమంటే ఆ కౌంటరే. అక్కడి ప్రొఫెసర్‌కు ఏ సరుకు మీద మిగులు ఎక్కువో బాగా తెలుసు.

వారం గడిచింది. చేను ఇంకా పాడైంది.

అప్పుడే కలుపుకు ఆడవాళ్లు వచ్చారు. వాళ్లలో పక్క మండలం నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ ఉంది. వంగి కలుపు తీస్తూ తీస్తూ ఆగిపోయింది. ఒక వరి ఆకును రెండు వేళ్ల మధ్య పట్టుకొని మడిచింది. టప్‌మని విరిగింది. వరి ఆకు మడిస్తే మడత పడాలి గానీ విరగకూడదు. ఇంకోటి మడిచింది, అదీ విరిగింది. నన్ను పిలిచి లేత ఆకు మొదట్లో నడిమి ఈనె చూపించింది. పాలిపోయి తెల్లగా ఉంది. ముదురు ఆకుల మీద ఈనెకు అటూ ఇటూ ఇటుక రంగు మచ్చలు. "ఇది ఆకలి కాదు బిడ్డా. మాకు పోయినేడు గిట్లనే అయింది. జింకు కొట్టినంకనే తేరుకున్నది" అంది. చెప్పి మళ్లీ వంగి పనిలో పడింది.

నాయిన నమ్మలేదు. కలుపు తీసే మనిషి సేటు కంటే ఎక్కువ చెప్పడమేంటని ఆయనకు మంట. నేను ఆ రాత్రి కూర్చొని దొరికిందల్లా చదివాను. అచ్చం అదే జబ్బు. జింకు లోపముంటే ఆకు పెళుసుబారి విరుగుతుందనీ, యూరియా ఎంత వేసినా పైరు పచ్చబడదనీ రాసి ఉంది. వరిలో ఈ జబ్బుకు ఖైరా అని పేరు. పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 1966లోనే దీని గుట్టు బయటపెట్టారట, అంటే నేను పుట్టకముందే. వాటన్నిటిలో నన్ను కదలకుండా కూర్చోబెట్టిన మాట ఒకటుంది. నేలలో భాస్వరం ఎక్కువైతే మొక్కకు జింకు అందదు. డీఏపీ అంటేనే భాస్వరం. బస్తాలో 46 శాతం అదే. జింకు అందక చస్తున్న పైరుకు మేం ఎకరాకు మరో అర బస్తా చల్లి వచ్చాం, అదీ అప్పు చేసి.

తెల్లారి జింకు సల్ఫేట్ తెచ్చాను, వేరే షాపులో. లీటరు నీటికి రెండు గ్రాములు. మా స్ప్రే పంపు పదహారు లీటర్లది, అంటే పంపుకు 32 గ్రాములు. నాలుగెకరాలకు యాభై పంపులు. పొలంలో 32 గ్రాములు ఎవడు తూస్తాడు? అమ్మ, నేను కిరాణా కొట్టు త్రాసు దగ్గర కూర్చొని పాత పేపర్లలో యాభై పొట్లాలు కట్టాం. కొట్టాయన "ప్రసాదం పంచుతున్నరా?" అని నవ్వాడు. ఐదేసి రోజుల తేడాతో మూడుసార్లు కొట్టాం. మూడుసార్లకూ కలిపి ఐదు కిలోలు పట్టలేదు. మొత్తం ఖర్చు డీఏపీ బస్తా ధరలో సగం కూడా కాలేదు. మూడోసారి కొడుతున్నప్పుడు కొత్త ఆకు లేత పచ్చగా లేస్తూ కనిపించింది. మడిచి చూశాను. విరగలేదు.

అయినా జరగాల్సిన నష్టం జరిగింది. మామకంటే ఎకరాకు ఐదు బస్తాలు తక్కువ పండింది. మామ ఆ సంగతి ఇప్పటికీ పెళ్లిళ్లలో ఎత్తుతాడు.

ఈ నాలుగెకరాల ముచ్చట దేశానికేం సంబంధం అంటారేమో. మొత్తం సంబంధం అక్కడే ఉందని నేనంటాను. సేటు నోటికి డీఏపీ, యూరియా తప్ప ఇంకో మాట ఎందుకు రాలేదు? నాయిన చేతికి ఇంకో బస్తా ఎందుకు అలవాటు కాలేదు? లెక్క చూడండి. యూరియా బస్తా 45 కిలోలు, ధర 266 రూపాయల 50 పైసలు. అందులో నత్రజని 46 శాతం, అంటే దాదాపు 21 కిలోలు. కిలో నత్రజని 13 రూపాయలకు వచ్చినట్టు. పొటాష్ బస్తా 50 కిలోలు, ఇప్పుడు 1,500 పైనే. అందులో ఉన్న పోషకం 30 కిలోలు. కిలోకు 50 రూపాయలు, ఆపైనే. నాలుగు రెట్లు! ఏ రైతు ఏది వేస్తాడో చెప్పడానికి శాస్త్రవేత్త కావాలా?

ఎప్పుడూ ఇలా లేదు. 2010కి ముందు డీఏపీ బస్తా 500 లోపే, పొటాష్ 250 లోపే దొరికేది. ఆ ఏడు ఏప్రిల్‌లో కేంద్రం పోషకాన్ని బట్టి సబ్సిడీ అని కొత్త పద్ధతి తెచ్చింది. యూరియాను మాత్రం అందులోకి రానివ్వలేదు, దాని ధర తన చేతిలోనే ఉంచుకుంది. రెండు మూడేళ్లలో డీఏపీ 1,200 దాటింది, పొటాష్ 800 దాటింది, యూరియా ఉన్నచోటే ఉంది. అప్పటినుంచి ఏ ప్రభుత్వం వచ్చినా దాని జోలికి పోలేదు. యూరియా ధర పెంచితే ఓట్లు పోతాయని భయం. నత్రజని నాలుగు పాళ్లు, భాస్వరం రెండు, పొటాష్ ఒకటి వేయాలని పుస్తకాలు చెబుతూనే ఉన్నాయి. చౌకగా దొరికింది గుమ్మరించడం మాకు అలవాటైంది. యూరియాకు చేను ముదురు పచ్చగా, నల్లగా కనబడితే కడుపు నిండుతుంది, ఆ నలుపుకే సుడిదోమ అనే పురుగు వస్తుంది, పొట్ట దశలో పైరు పడిపోతుంది. అప్పుడు మళ్లీ మందులకు అదే షాపు.

ఇక సేంద్రియం గురించి. నగరంలో కూర్చొని కిలో నూటయాభై పెట్టి బియ్యం కొనేవాళ్లు మాకు క్లాసు పీకుతుంటారు. మా కజిన్ ఒకడున్నాడు, బాల్కనీలో నాలుగు కుండీల్లో టమాటా పెంచి "అన్నా, ఆవు పేడ వాడు" అని నాకు వాయిస్ మెసేజ్ పెడతాడు. నాయనా, పశువుల ఎరువులో నత్రజని అర శాతం. ఒక్క యూరియా బస్తాలో ఉన్నంత నత్రజని రావాలంటే నాలుగు టన్నులు తోలాలి, అంటే ఎకరాకు రెండు ట్రాక్టర్ల పెంట. మా ఊళ్లో ఇప్పుడు ఎడ్లే లేవు, దుక్కి దున్నేది ట్రాక్టరు, అది పేడ వేయదు. నేనూ పచ్చిరొట్ట ఎరువుకు జీలుగ చల్లి దున్నుతాను, దొరికిన ఏడు చేలో ఎరువు పడేందుకు గొర్రెల మంద కట్టిస్తాను. మందకు ముందే మాట్లాడుకోవాలి, లేకపోతే ఇంకొకరి చేలోకి పోతుంది. నేలకు అవి మంచివే, కానీ వాటితోనే దేశం తిండి తినదు. శ్రీలంక 2021 ఏప్రిల్‌లో రసాయన ఎరువుల దిగుమతి ఆపేస్తామని ప్రకటించింది. నవంబర్‌లో వెనక్కి తీసుకుంది. ఆ ఏడు నెలల్లోనే వరి, తేయాకు రైతులు ఎట్లా రోడ్డెక్కారో అందరం టీవీలో చూశాం.

మా తాత బతికున్నప్పుడు చెప్పేవాడు, సాగర్ నీళ్లు రాకముందు పండక్కే వరి అన్నమని, మిగతా రోజులన్నీ జొన్న గటక అని. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఆ వెనకే కొత్త విత్తనం, దాని వెనకే పిండి బస్తా. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో దేశమంతా కలిపి ఐదు కోట్ల టన్నుల తిండిగింజలు పండేవి. ఇప్పుడు 33 కోట్లు దాటాయి. ఇందులో నీళ్ల వాటా ఎంత, విత్తనం వాటా ఎంత, పిండి వాటా ఎంత అని మేధావులు కొట్టుకోనీ. పిండి తీసేస్తే మిగతా రెండూ నిలబడవని నేను రాసిస్తా.

భూసార పరీక్ష కార్డు గురించి కూడా ఒక మాట చెప్పి కడుపుమంట తీర్చుకుంటాను. ఆలోచన మంచిదే. కానీ నీళ్ల పారకం ఉన్నచోట రెండున్నర హెక్టార్లకు ఒక మట్టి నమూనా అని పెట్టారు. అంటే ఆరెకరాలకు ఒకటి. మా నాలుగెకరాలకూ మామ చేనులో కొంతకూ కలిపి ఒకే నమూనా, కార్డులో అదే లెక్క! మా చేను తుప్పు పట్టిన ఏడు మామది నిగనిగలాడిందని పైన రాశాను కదా. ఇద్దరి మట్టీ ఒకటే ఎట్లా అవుతుంది? తర్వాత నేనే సొంతంగా మట్టి తీసి పరీక్షకు ఇచ్చాను. భాస్వరం దగ్గర "అధికం" అని రాసి వచ్చింది. అప్పటినుంచి యాసంగి పంటకు డీఏపీ సగమే వేస్తున్నాను, మూడు పంటలకోసారి ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేట్ వేస్తున్నాను. డీఏపీకీ దానికీ మధ్య మూడు రోజులన్నా తేడా పెడతాను, కలిపి వేస్తే దండగ. దిగుబడి తగ్గలేదు. ఒక్క రైతు అనుభవంతో ఇంత ధీమా ఏంటంటారా? ఎవరి చేను వాళ్లు చూసుకొని రండి, తర్వాత మాట్లాడదాం.

యూరియా ధర అగ్గువ పెట్టి సరుకు సరిపడా తేకపోతే ఏమవుతుందో 2025 ఆగస్టులో అందరూ చూశారు. తెల్లవారుజామున నాలుగింటికి యూరియా అమ్మే సహకార సొసైటీ ముందుకు పోతే అప్పటికే నా ముందు చెప్పుల లైను ఉంది. మనుషులు చెట్టు కింద, చెప్పులు లైన్లో. నేనూ నావి విడిచి, వట్టి కాళ్లతో టీకి పోయాను. మధ్యాహ్నానికి రెండు బస్తాలు దొరికాయి. కౌలుకు చేసేవాళ్లలో పాసుబుక్కు లేదని ఉత్త చేతులతో పోయినవాళ్లున్నారు. బయట ఒక షాపులో యూరియా ఉందన్నారు గానీ లింకు పెట్టారు, నానో యూరియా అనే ద్రవం సీసా కొంటేనే బస్తా అని. ఆ నానో యూరియా మొదట వచ్చినప్పుడు అందులో నత్రజని నాలుగు శాతం. అర లీటరు సీసాలో ఇరవై గ్రాములు. బస్తాలో 21 కిలోలు. ఒక సీసా ఒక బస్తాతో సమానమని చెప్పడానికి దాన్ని తయారుచేసినవాళ్లకు నోరెట్లా వచ్చిందో!

2013 కథలో చివరి ముక్క మరిచిపోయాను. ఆ పంట అమ్మి సేటు బాకీ కట్టడానికి నాయిన, నేను షాపుకు పోయాం. వడ్డీతో కలిపి లెక్క చూసి, నోట్లు రెండుసార్లు లెక్కబెట్టి, డబ్బాలో వేసుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగి "చూసినవా, నేనిచ్చిన డీఏపీ ఎట్ల పట్టిందో! చేను చావబోయి బతికింది" అన్నాడు. నేను నోరు తెరవబోతే నాయిన కాలు తొక్కాడు. యాసంగి పిండికి మళ్లీ ఆయన దగ్గరే ఉద్దెర పెట్టాలి.