అన్నను జీతం అడగడం తప్పా?

ఉత్తరం: మాది మిర్యాలగూడ. వయసు 33. నాన్న పోయాక అన్నే నన్ను బీఫార్మసీ చదివించాడు. తొమ్మిదేళ్లుగా ఆయన మెడికల్ షాపులోనే ఉంటున్నాను. ఉదయం ఎనిమిదికి షట్టర్ ఎత్తితే రాత్రి పదిన్నరకు దించడం, ఆదివారాలతో సహా. నిద్ర పట్టక రోజూ షాపులోంచే ఆల్‌ప్రజోలం తీసి వేసుకుంటున్నాను. చీటీ పట్టుకుని ఎవరు వచ్చినా చిరాకే. పోయిన నెల ఒక అవ్వకు బీపీ గోళీలకు బదులు షుగర్ గోళీలు ఇచ్చాను. మనవడు పేరు చూసుకుని వెనక్కి తెచ్చాడు కాబట్టి సరిపోయింది. దీన్నే బర్నౌట్ అంటారట. నాకున్నది అదేనా? ఏ మందు వాడాలి?

జవాబు: అదే కావచ్చు. ఒంట్లో సత్తువ లేకపోవడం, పని మీద విరక్తి, చేసే పనిలో పట్టు తప్పడం అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన మూడూ మీ ఉత్తరంలో ఉన్నాయి. ఇది జబ్బు కాదు, పనిచేసే చోట పుట్టే అవస్థ అని కూడా ఆ సంస్థే అన్నది. కాబట్టి మందు పేరు నన్ను అడగకండి.

మీరు రాసిన నాలుగు పేజీల్లో ‘అన్న’ అన్న మాట పదిహేడు సార్లు వచ్చింది, లెక్కపెట్టాను. ‘జీతం’ ఒక్కసారే, అదీ ‘ఇంట్లోవాడికి జీతమేమిటి అంటాడు’ అన్నచోట. పాప స్కూలు ఫీజుకు వదిన దగ్గర చేయి చాచాల్సి వస్తోందని మాత్రం సంతకం కింద, మూలకు, చిన్న అక్షరాలతో రాశారు. నాకు మీ ఉత్తరమంతా అక్కడే కనిపించింది.

మీ అన్న చదివింది బీకాం. బోర్డు మీద పేరు ఆయనది, లైసెన్సు నడుస్తున్నది మీ సర్టిఫికెట్ మీద. 1948 ఫార్మసీ చట్టం ప్రకారం డాక్టర్ చీటీకి మందు ఇవ్వాల్సింది రిజిస్టర్డ్ ఫార్మసిస్టు. ఆ అవ్వ షుగర్ పడిపోయి స్పృహ తప్పి ఉంటే డ్రగ్ ఇన్‌స్పెక్టర్ ముందు ఆయనతో పాటు మీరూ నిలబడాల్సి వచ్చేది. ఈ మాటతో అన్నను బెదిరించమనడం లేదు. ఆయన పెట్టిన అన్నం తింటున్నానన్న భావన ముందు మీలోంచి పోవాలి.

ఇక ఆ ఆల్‌ప్రజోలం. షెడ్యూల్ హెచ్1 రిజిస్టర్‌లో దాన్ని ఎవరి పేరున రాస్తున్నారు? డాక్టర్ పేరు, రోగి పేరు రాసి మూడేళ్లు దాచాల్సిన పుస్తకం అది. ఇంకెవరైనా ఇలా వాడుతుంటే మీరే మందలించేవారు. అలాగని ఈ రాత్రే మానేయకండి. రోజూ వేసుకునే ఈ మాత్రను ఒక్కసారిగా ఆపకూడదని మీకు నేను చెప్పాలా? మానసిక వైద్యుణ్ని కలిసి, ఆయన చెప్పినట్టు తగ్గించుకోండి. ఊళ్లో ఎవరైనా చూస్తారని సంకోచమైతే నల్లగొండ వెళ్లండి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలిమానస్ హెల్ప్‌లైన్ 14416కు షట్టర్ దించాక కూడా ఫోన్ చేయవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు.

అన్నతో మాత్రం మీరే మాట్లాడాలి. అమ్మను మధ్యలో పెట్టకండి, ఆమె ఏడ్చి ఇద్దరి నోళ్లూ మూయిస్తుంది. మధ్యాహ్నం గిరాకీ పలచబడ్డాక అడగండి. నెలకు ఇంత అని జీతం, ఆదివారం సెలవు, సాయంత్రాలకు మరో ఫార్మసిస్టు. ఎంత అడగాలో పక్క షాపుల్లో ఏమిస్తున్నారో తెలిసిన మీకు కష్టం కాదు. చదివించిన రుణం నిజమే, కాదనను. తొమ్మిదేళ్ల జీతం లెక్కవేస్తే అది ఎప్పుడో తీరింది.

నేనూ తమ్ముణ్ని చదివించిన అక్కనే. ‘వాణ్ని నేనే చదివించాను’ అని పెళ్లిళ్లలో, పేరంటాల్లో చెప్పుకోవడంలో ఎంత రుచి ఉంటుందో నాకు తెలుసు. ‘ఇంకా ఎన్నేళ్లు చెబుతావక్కా?’ అని వాడు ఒకరోజు నిలదీశాడు. వారం రోజులు వాడితో మాట్లాడలేదు. మీ అన్న కూడా అలుగుతాడు, అలగనివ్వండి. ఎనిమిదో రోజు ఫోన్ చేసింది నేనే.