మారే షిఫ్టుల్లో పనిచేస్తూ ఆటకు సమయం ఎలా తీయాలి? (విశాఖపట్నం)

"రోజూ సాయంత్రం ఆరింటికి ఆట" అని పెట్టుకుంటే షిఫ్టు మారగానే ఆగిపోతుంది. ఆటను గడియారానికి కాకుండా డ్యూటీకి ముడిపెట్టండి. మధ్యాహ్నం 2కి దిగే వారంలో అన్నం తిని, అరగంట కునుకు తీసి, ఎండ తగ్గాక 5 నుంచి 6 దాకా ఆడండి. 2కి ఎక్కే వారంలో నిద్ర పూర్తయ్యాక ఉదయం ఆడండి. నైట్ డ్యూటీ వారంలో ఆట ఊసే వద్దు, నిద్రే ముఖ్యం.

చాలామందికి ఆట మానేయడానికి అసలు కారణం తోడు లేకపోవడం. షటిల్ డబుల్స్‌కు నలుగురు చాలు, కానీ గ్రూపులో ఆరుగురిని పెట్టుకోండి. ఇద్దరు రాకపోయినా ఆట జరుగుతుంది. వీలైతే ఒకే షిఫ్టు వాళ్లను చేర్చుకోండి, మారినా అందరూ కలిసే మారతారు. సాయంత్రం ఆర్కే బీచ్ దగ్గర షటిల్ ఆడలేరు, సముద్రపు గాలికి కాక్ కొట్టుకుపోతుంది. దానికి ఇండోర్ కోర్టే నయం. ఇసుకలో వాలీబాల్, కబడ్డీ ఆడుకోవచ్చు. ఆడాక చెమట పట్టిందని సముద్రంలోకి మాత్రం దిగకండి. అక్కడ లోపలికి లాగే ప్రవాహాలు ఉన్నాయి, ఈత వచ్చినవాళ్లూ మునిగిపోయారు.

ఇంకొకటి, నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది: మీరు ఆడే గంటలో వంట, పిల్లల హోంవర్కు ఎవరో ఒకరు మోస్తున్నారు. వాళ్లకూ వారంలో అంతే సమయం కేటాయించి, రెండూ ఇంట్లో క్యాలెండరు మీద రాయండి.