పెన్ను ఒక పక్కే ఎందుకు లేస్తోంది?

"లేత్‌లో (చెక్కని తిప్పుతూ ఉలితో చెక్కే యంత్రం) చెక్క పెన్నుని మాండ్రెల్ కడ్డీకి గుచ్చి తిప్పితే ఒక పక్క మెట్టులా లేస్తోంది. రెండు సెంటర్ల (ముక్కని రెండు చివర్లా పట్టుకునే మొనలు) మధ్యకి మారితే పోతుందా?" అని అడిగారు. సగం పోతుంది. మిగతా సగం మీ కుడిచేతిలో ఉంది.

మాది విజయనగరం. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస దుంగని తొలిచి వీణ చేస్తారు చూడండి, ఆ పనస చెక్కంటే నాకు పిచ్చి. పోయినేడు సిరిమాను పండక్కి వచ్చే మా బావగారికి పనస పెన్ను ఇద్దామనుకున్నాను. మాండ్రెల్ సన్నటి కడ్డీ, నట్టు గట్టిగా బిగిస్తే విల్లులా వంగుతుంది. దాన్ని పక్కన పడేసి 60 డిగ్రీల సెంటర్లు, వాటికి కుదిరే బుష్‌లు (చెక్క లోపలుండే ఇత్తడి గొట్టం రెండు మూతుల్లో కూర్చునే ఉక్కు ముక్కలు) తెప్పించాను. అయినా పెన్ను బిగించాక క్లిప్పు దగ్గర ఒక పక్క చెక్క గోరుకి తగిలేది. నాలుగు ముక్కలు పాడయ్యాయి. లేత్‌ని తిట్టని తిట్టు లేదు.

మా వీధి చివర మోటారు షాఫ్టులు తిప్పే పెద్దాయన్ని పిలుచుకొచ్చాను. ఐదో ముక్క పెట్టి వెనక సెంటర్‌ని ముక్క మీదకి నొక్కే చక్రం నేను బిగిస్తుంటే, "ఏటి నాయనా, దాని పీక నొక్కెస్తన్నావు?" అన్నారు. ముక్క జారకపోతే చాలట. కాస్త చెక్కాక, ముక్కని బుష్‌లతో సహా అరచుట్టు తిప్పి మళ్లీ పెట్టించి ఉలి ఆనించారు. చుట్టూ సమానంగా తగిలింది. మోటారు వైపు సెంటరే ఊగుతుంటే ఒక పక్కే తగిలేది, అప్పుడు అది కూర్చునే టేపర్ రంధ్రంలో పొట్టు ఇరుక్కుందేమో చూడాలి. నా లేత్ మంచిదే. ముక్క తీసి చూస్తే ఇత్తడి గొట్టం మూతి దగ్గర ఆవగింజంత ఎండిన జిగురు. బుష్ ఒరిగి కూర్చుంటోంది. వదులుగా పెట్టి ఉంటే ఆ ఊగులాట చేతికే తెలిసేది, నేను నొక్కేసి దాచేశాను.

ఇంకోటి, బుష్‌కి సమానంగా గీసేయమని చెప్పే వీడియోల్ని నమ్మకండి. సాండ్ పేపర్ చెక్కతోపాటు బుష్‌నీ తింటుంది. పైగా ఆ ఉక్కు పొడి పచ్చటి పనస మీద నల్లగా పట్టిందంటే చచ్చినా వదలదు. పెన్నుకి బిగించే మెటల్ ముక్కనే కాలిపర్‌తో (మందం కొలిచే పనిముట్టు) కొలుచుకుని ఆ కొలతకి దింపండి. సాండ్ పేపర్ వేసేటప్పుడు బుష్‌లు తీసేసి గొట్టాన్ని నేరుగా సెంటర్ల మధ్య పట్టించండి. అక్కడా అదే చెయ్యి, నొక్కారంటే గొట్టం మూతి విచ్చుకుంటుంది.

మీదీ ఇదే జబ్బు, కావాలంటే రాసిస్తాను. ముందు ఆ చక్రం కాస్త వెనక్కి తిప్పి చూడండి.