స్లాబ్ రోజు నువ్వు అక్కడ ఉండవు

అమ్మలూ,

నిన్న రాత్రి నువ్వు పంపిన మెసేజ్ రెండుసార్లు చదివాను. డ్రాయింగులన్నీ పరిచి గంటసేపు చెప్పాక ఆ ఇంటావిడ "ఏమోనమ్మా, ఇవన్నీ మాకేం తెలుస్తాయి, మేస్త్రి ఎలా అంటే అలా కానిద్దాం" అందని, బయటికొచ్చాక నీకు ఏడుపొచ్చిందని రాశావు. ముప్పై ఎనిమిదేళ్ల నుంచి నేనూ ఇళ్ల స్లాబులు, పిల్లర్లు లెక్కగట్టి డిజైన్ చేసే ఇదే పనిలో ఉన్నాను. ఆ మాట నేనూ ఎన్నోసార్లు విన్నాను. ఆవిడ తప్పు లేదు, నీ చదువులోనూ లోపం లేదు. డ్రాయింగులో ఉన్నదంతా వరసగా చెప్పుకుంటూ పోయావు. అందులో ఆవిడ చూసుకోవాల్సింది ఏదో మాత్రం చెప్పలేదు.

పని మొదలుపెట్టిన రెండో ఏడు నాకు జరిగింది చెబుతాను. మీ అమ్మకు కూడా ఇంతవరకు చెప్పలేదు. చిన్న ఊళ్లో రెండంతస్తుల ఇల్లు, వీధి వైపు నాలుగడుగుల బాల్కనీ. కింద ఆసరా ఏమీ ఉండదు కాబట్టి మెయిన్ స్టీలు చువ్వలు స్లాబు పైభాగంలో ఉండాలి. డ్రాయింగులో అలాగే చూపించాను. యజమానికి బెండింగ్ మూమెంట్ (స్లాబుని వంచే బలం) బొమ్మ గీసి మరీ వివరించాను, ఆయన తల ఊపాడు. స్లాబ్ రోజు నాకు వేరే ఊళ్లో పని పడింది. కాంక్రీటు తట్టలు మోసేవాళ్లు పై చువ్వల మీదుగానే నడిచారు. వాటిని ఎత్తిపట్టే చైర్లు ఎవరూ పెట్టలేదు. చువ్వలు కుంగి సెంట్రింగ్ రేకుల దాకా దిగిపోయాయి, వాటి మీదే కాంక్రీటు పోసేశారు. పద్నాలుగో రోజు సపోర్టులు తీస్తుంటే గోడ దగ్గర, పైన, వెంట్రుకంత గీత కనిపించింది. చూస్తుండగానే అందులో వేలు పట్టేంత అయింది. బాల్కనీ అంచు జానెడు కిందికి వాలింది. దేవుడి దయ, కింద ఎవరూ లేరు. మొత్తం కొట్టేయించాం.

నేను మేస్త్రి మీద కేకలేస్తుంటే ఆ ఇంటి పెద్దావిడ నా దగ్గరికి వచ్చింది. "బాబూ, ఆ రోజు పొద్దున ఆరింటి నుంచి చీకటి పడేదాకా నేనిక్కడే ఉన్నాను. కూలీలకు మజ్జిగ కూడా నేనే పోశాను. ఆ చువ్వలు తొక్కకూడదని ఒక్క మాట చెప్పి ఉంటే ఎవర్నీ కాలు పెట్టనిచ్చేదాన్ని కాదు" అంది.

నా నోట మాట రాలేదు. అప్పటి నుంచి ఎవరి ముందు కూర్చున్నా ముందు ఇదే ఆలోచిస్తాను: నేను లేనప్పుడు ఈ మనిషి అక్కడ నిలబడి ఏం చూడాలి, దేన్ని ఆపాలి? ముందు అది చెప్పు. మిగతాదంతా వాళ్లు అడిగినప్పుడు చెప్పొచ్చు.

బాల్కనీ సంగతే తీసుకో. పరుపులు కుట్టే షాపులో అడిగితే మూరెడు పొడుగున్న మందపాటి స్పాంజి ముక్క ఇస్తారు. మొదట్లో నేను పాత హవాయి చెప్పుతో చూపించేవాణ్ణి. శంకుస్థాపన కూడా కాని ఇంటి డ్రాయింగుల పక్కన చెప్పు పెట్టడం పెద్దవాళ్ల మనసుకు కష్టంగా ఉండేది, మానేశాను. ఆ స్పాంజికి పైనా కిందా బ్లేడుతో అడ్డంగా గాట్లు పెట్టు. సగం టేబుల్ మీద ఉంచి చేత్తో అదిమి, సగం బయటికి వదిలి, ఆ కొసను ఆవిడనే నొక్కమను. పై గాట్లు నోరు తెరుస్తాయి, కింది గాట్లు మూసుకుపోతాయి. తర్వాత దాన్నే రెండు ఇటుకల మీద వంతెనలా పెట్టి మధ్యలో నొక్కమను. ఈసారి కింది గాట్లు తెరుచుకుంటాయి. నొక్కితే కాంక్రీటు ఎంతైనా ఓర్చుకుంటుంది, లాగితే మాత్రం పగిలిపోతుంది, అందుకే గాటు నోరు తెరిచే వైపు చువ్వ వేస్తాం అని అప్పుడు చెప్పు. గదిలో స్లాబుకి చువ్వ అడుగున ఎందుకు, బాల్కనీకి పైన ఎందుకు అన్నది ఆవిడ వేళ్లకే తెలిసిపోతుంది. ఆ తర్వాత బాల్కనీ చువ్వలు తొక్కే మనిషిని ఆవిడ ఊరికే వదలదు.

బరువుల గురించి చెప్పేటప్పుడు కిలోన్యూటన్లు నీ పుస్తకంలోనే ఉంచుకో, టన్నుల్లో చెప్పు. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే ఒక టన్ను. పదడుగుల గదికి అయిదంగుళాల స్లాబు వేస్తే దాని సొంత బరువే దాదాపు మూడు టన్నులు. పదడుగుల పొడవు, పదడుగుల ఎత్తు ఉన్న తొమ్మిదంగుళాల ఇటుక గోడ నాలుగు టన్నుల పైమాటే. నాలుగున్నర అంగుళాలదైతే రెండు టన్నులు. ఇళ్లలో మనుషులకీ సామానుకీ కలిపి చదరపు మీటరుకి 200 కిలోలు లెక్కలో పెట్టుకుంటాం కదా, ఆ పదడుగుల గదికి అది 1,860 కిలోలు, అంటే దగ్గర దగ్గర 28 మంది మనుషుల బరువు. ఇది వినగానే "అంతమంది ఎప్పుడుంటారమ్మా" అంటారు. అప్పుడే గోడ మాట ఎత్తు. గృహప్రవేశం అయ్యాక, అబ్బాయి చదువుకోవడానికని మేడ మీద గదిలో సగానికి గోడ పెట్టించుకుంటే, ఆ ఒక్క గోడే 28 మంది బరువుని మించిపోతుంది. ఆ గోడ ఎన్నటికీ లేచి వెళ్లదు కూడా. ఈ లెక్క విన్నవాళ్లు గోడ కట్టే ముందు ఫోన్ చేస్తారు. నా అనుభవంలో చాలామంది చేశారు.

ప్లాన్ మీద ఇంకో పని చేయించు. మేడ మీది వాటర్ ట్యాంకు దగ్గర వేలు పెట్టించి, "ఈ నీళ్ల బరువు భూమిలోకి ఎలా దిగుతుందో చూపించండి" అను. స్లాబు, బీము, పిల్లరు, దాని కింద పునాది దిమ్మ అయిన ఫుటింగు, నేల. మొదటిసారి నువ్వు వేలు పట్టి నడిపించు, రెండోసారి వాళ్లే నడుస్తారు. కింద హాలు విశాలంగా ఉండాలని మధ్య పిల్లరు తీసేయమంటారు చూడు, అప్పుడు ఇలాగే వేలు దింపమను. పై అంతస్తు పిల్లరు దాకా వచ్చి వేలు ఆగిపోతుంది, కింద ఏమీ ఉండదు. "ఇక్కణ్నుంచి బరువు ఎటు పోవాలి?" అని అడిగి ఊరుకో. తొందరపడి జవాబు నువ్వే చెప్పేయకు. ఆ నిమిషం వాళ్లని ఆలోచించుకోనివ్వు.

వాస్తు విషయంలో వాదనకి దిగకు. నైరుతిలో ఓవర్‌హెడ్ ట్యాంకు, ఈశాన్యంలో సంపు అని వాళ్లు ముందే అనుకుని వస్తారు. ఆ నమ్మకం వాళ్లది. ట్యాంకు ఎక్కడ వస్తుందో ముందే చెబితే దాని కింది పిల్లర్లకి తగ్గట్టు డిజైన్ చేస్తామని చెప్పు. స్లాబు పడిన తర్వాత సిద్ధాంతిగారి మాట మీద ట్యాంకు జరిపితే కష్టం అని కూడా అప్పుడే చెప్పాలి. వీలైతే ఆయన్ని కూడా మొదటి మీటింగుకి పిలిపించు.

మేస్త్రి సంగతికి వస్తాను, నీకు అసలు బాధ అక్కడే ఉంది. ఆయన ముందు ఇంటివాళ్లకి చెప్పు, ఇంటివాళ్ల ముందు ఆయనకి చెప్పు. ఆయన్ని పక్కన పెట్టి చెబితే, నువ్వు గేటు దాటగానే ఆయన మాటే చెల్లుతుంది. పాతికేళ్లు తాపీ పట్టిన మనిషికి మనకు తెలియనివి చాలా తెలుసు. వర్షం వస్తుంటే కాంక్రీటు ఎక్కడ ఆపాలి, ఏ ఇసుకలో మట్టి ఎక్కువ ఉంది, ఇలాంటివి ఆయన్నే అడుగు, ఇంటివాళ్లు వినేలా అడుగు. ఆ తర్వాత రింగుల గురించి నువ్వు చెబితే ఆయన వింటాడు.

రింగులు ఎందుకో చెప్పడానికి కొబ్బరి ఈనెల చీపురు చాలు. కట్టు విప్పేసి నిలబెట్టి పైన అరచేత్తో నొక్కితే పుల్లలు విచ్చుకుని పక్కలకి వంగిపోతాయి. రెండు మూడు చోట్ల తాడు బిగించి నొక్కు, కట్ట బిర్రుగా నిలబడుతుంది. పిల్లరులో నిలువు చువ్వలు ఆ పుల్లలు, రింగులు ఆ తాళ్లు. ఇప్పుడు తాడు ముడి వదులు చేసి మళ్లీ నొక్కించు. రింగు కొసలు లోపలికి, కాంక్రీటు గుండెలోకి మడిచి ఉండాలని, అంటే 135 డిగ్రీల కొక్కెం ఉండాలని మనం పట్టుబట్టేది ఆ ముడి కోసమే. రాడ్ బెండరు తేలిగ్గా అవుతుందని 90 డిగ్రీల దగ్గర ఆపేస్తే, భూమి ఊగినప్పుడు పైపూత కాంక్రీటు రాలిపోయి కొక్కెం విప్పుకుంటుంది. బీము, పిల్లరు కలిసే చోటికి పైనా కిందా రింగులు దగ్గర దగ్గరగా, నాలుగంగుళాలు మించకుండా ఉండాలి. ఇది జానా బెత్తా వేసి కొలవగలిగే పని, ఇంటివాళ్లకి అప్పగించు.

"మన వైపు భూకంపాలు ఎక్కడివమ్మా" అంటారు. భయపెట్టకుండా చెప్పు. 1967 మార్చిలో ఒంగోలు దగ్గర, 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర భూమి కంపించింది. 2024 డిసెంబరు 4న పొద్దున ఏడున్నర ప్రాంతంలో ములుగులో 5.3 తీవ్రతతో వచ్చింది, హైదరాబాద్, విజయవాడల్లో కూడా జనం ఇళ్లలోంచి బయటికి వచ్చారు. అది చాలామందికి గుర్తే. కింద అంతా పార్కింగ్ వదిలి పైన గోడలతో నింపిన అపార్ట్‌మెంటు అడిగేవాళ్లకి 2001 జనవరి 26 సంగతి చెప్పు. భుజ్ భూకంపానికి, 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో అలాంటి భవనాలు ఎన్నో కూలాయి. పైన గోడలు పిల్లర్లకి దన్నుగా ఉంటాయి, కింద ఆ దన్ను లేదు, ఊపంతా ఆ ఒక్క అంతస్తు పిల్లర్ల మీదే పడింది. పార్కింగ్ వద్దని అనాల్సిన పని లేదు. ఆ అంతస్తు పిల్లర్లు ఎందుకు లావుగా ఉన్నాయో, కొన్నిచోట్ల కాంక్రీటు గోడ ఎందుకు పెట్టామో వాళ్లకి తెలియాలి, అంతే.

మీ గుంటూరు నేలలకి తప్పకుండా చూపించాల్సింది ఇంకొకటి ఉంది. వాళ్ల స్థలంలోంచే నల్లమట్టి తీసి, ఎండబెట్టి, మెత్తగా జల్లించి, కొలత గీతలున్న రెండు గాజు జాడీల్లో సమానంగా వెయ్యి. ఒకదాన్లో నీళ్లు, ఒకదాన్లో కిరోసిన్ పోసి కలిపి ఒక రోజు కదపకుండా ఉంచు. కిరోసిన్‌లో మట్టి పెరగదు. నీళ్లలోది ఉబ్బి ఎంత పైకి వచ్చిందో గీతల్లో కనిపిస్తుంది. మన ల్యాబుల్లో చేసే ఫ్రీ స్వెల్ పరీక్షే ఇది. "వానాకాలం మీ ఇంటి కింద జరిగేది ఇదే, ఎండాకాలం మళ్లీ కుంచించుకుపోతుంది" అని చెబితే, పునాది ఇంత లోతు ఎందుకు, లోతుగా దించి అడుగున లావు చేసే పునాది స్తంభాలకి, అంటే అండర్ రీమ్డ్ పైల్స్‌కి అంత డబ్బు ఎందుకు అన్న ప్రశ్న మళ్లీ రాదు. గోడ పక్కనే నీళ్లు నిలవనివ్వకూడదన్నది కూడా వాళ్లే పట్టుకుంటారు.

కాంక్రీటులో నీళ్ల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. బస్తా సిమెంటుకి 25 నుంచి 27 లీటర్లు, ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గించాలి. గీత పెట్టిన బకెట్టు ఒకటి ఇంటివాళ్ల చేతికి ఇవ్వు. జారుగా ఉంటే పని తేలికని కాంక్రీటు కలిపే మిల్లర్ దగ్గర మగ్గుతో నీళ్లు పోసే అలవాటు ప్రతిచోటా ఉంది, ఆ మగ్గు తీసేయించు.

స్టీలు ఇంత ఎందుకని డబ్బు మాట వస్తే చిరాకు పడకు. ఒక్కొక్క ఇటుకకీ వాళ్లు అప్పు చేసి కడుతున్నారు. బరువుని ఒకటిన్నర రెట్లు చేసి డిజైన్ చేస్తామని దాచకుండా చెప్పు. అయితే ఆ సగం, మేస్త్రి చేతి తేడాలకీ, సిమెంటు తేడాలకీ, మనకు ముందుగా తెలియని బరువులకీ ఉంచింది, పైన ఇంకో అంతస్తు వేసుకోవడానికి మిగిలిన చోటు అనుకోవద్దని ఖచ్చితంగా చెప్పు. రెండో అంతస్తు ఆలోచన ఉంటే ఇప్పుడే చెప్పమను, పునాది నుంచే లెక్క వేద్దువు గాని.

ప్రతిదానికీ "కూలిపోతుంది" అనకు. నాలుగుసార్లు అంటే అయిదోసారి వినరు. ప్లాస్టరింగులో సన్నని గీతలు చూసి టెన్షన్ పడేవాళ్లకి ఫరవాలేదని చెప్పు. పిల్లరు పొడవునా నిలువుగా చీలినా, తుప్పు మరక కారినా, బీము చివర ఏటవాలుగా పగులు కనిపించినా అర్ధరాత్రైనా ఫోన్ చేయమను. చేసినప్పుడు ఎత్తు.

శుక్రవారం స్లాబ్ అన్నావు. గురువారం సాయంత్రం, ఎండ తగ్గాక, ఆవిడనీ మేస్త్రినీ సెంట్రింగ్ మీదికి తీసుకెళ్లు. బాల్కనీ చువ్వలు చేత్తో పట్టి చూపించు, కింద చైర్లు ఉన్నాయో లేదో ఆవిడనే వంగి చూడమను. చువ్వల కింద ఎడం కోసం పెట్టే కవర్ బ్లాకుల బదులు కంకర రాళ్లు పెట్టి ఉంటే ఆవిడ చేతే తీయించు. నడవడానికి చువ్వల మీద చెక్కలు పరిపించమని మేస్త్రికి ఆవిడ ముందే చెప్పు. ఆవిడకి మోకాళ్ల నొప్పులన్నావుగా, నిచ్చెన పైనా కిందా గట్టిగా కట్టించి, నువ్వు వెనకే ఎక్కు.

ఆశీస్సులతో,
మామయ్య