“నా డబ్బే కదా” అని 401(కె) మీద అప్పు తీస్తే...

ప్రశ్న: డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నాం. నాది హెచ్-1బి వర్క్ వీసా, మా ఆవిడది డిపెండెంట్ వీసా హెచ్-4, ఆమెకు ఉద్యోగం లేదు. పాపకు నాలుగేళ్లు. తెనాలిలో అమ్మానాన్నలకు పంపేదాంతో కలిపి నెల ఖర్చు 6,000 డాలర్లు, మిగిలేది 1,400. గరాజ్‌లో నేనే 5 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవుతో చిన్న టియర్‌డ్రాప్ ట్రైలర్ (లోపల పడుకునే డబ్బా లాంటిది) కట్టి, మా రావ్4 కారుకు తగిలించుకుని బిగ్ బెండ్ నేషనల్ పార్కుకు వెళ్లాలని కోరిక. 12,000 అవుతుంది. సేవింగ్స్‌లో ఉన్న 6,800 ముట్టుకోను. రిటైర్మెంట్ పొదుపు ఖాతా 401(కె)లో 64,000 ఉంది కాబట్టి దాని మీద లోన్ తీసుకుంటాను. నా డబ్బే కదా, వడ్డీ కూడా నాకే వస్తుంది. ఖాళీగా ఉన్నప్పుడు ట్రైలర్‌ని అద్దెకిస్తే లోన్ దానంతటదే తీరిపోతుంది. సరైన ఆలోచనేనా?

జవాబు: కాదండీ. ట్రైలర్ ఆలోచన నాకు నచ్చింది, దాని సంగతి తర్వాత. నన్ను కూర్చోబెట్టి ఈ జవాబు రాయించింది మీ “నా డబ్బే కదా”. స్విమ్మింగ్ పూల్ కోసం ఒకరు, ఊళ్లో ప్లాటు అడ్వాన్సు కోసం ఇంకొకరు అచ్చం ఇదే మాట రాస్తుంటారు.

జీతం వస్తున్నంత కాలం ఆ లెక్క బాగానే కనిపిస్తుంది. ఉద్యోగం పోతే చాలా ప్లాన్లలో లోన్ బాకీ మొత్తం మీ మెడకు చుట్టుకుంటుంది. తర్వాతి ఏడాది టాక్స్ రిటర్న్ గడువులోగా ఆ మొత్తం సర్దలేకపోతే అది మీ ఆదాయం కింద లెక్క. మీకు యాభై తొమ్మిదిన్నర నిండలేదు కాబట్టి పన్నుకు తోడు 10 శాతం పెనాల్టీ. 9,000 బాకీ ఉంటే పెనాల్టీయే 900.

గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకైతే ఇక్కడితో ఆగేవాణ్ని. మీకు గోరుచుట్టు మీద రోకటి పోటు. ఉద్యోగం పోతే దేశంలో ఉండటానికి దొరికేది 60 రోజులు, ఐ-94 (దేశంలో ఉండటానికి ఇచ్చిన గడువు) అంతకుముందే ముగిస్తే అదీ ఉండదు. ఆ రెండు నెలల్లో ఇంటర్వ్యూలు, లీజు తెంచుకుంటే పెనాల్టీ, ముగ్గురికి టికెట్లు. ఉద్యోగం పోయాక కూడా కంపెనీ ఇన్సూరెన్స్‌ని కొనసాగించుకునే కోబ్రా తీసుకుంటే హెల్త్ ఇన్సూరెన్స్‌లో ఇన్నాళ్లూ కంపెనీ కట్టిన వాటా కూడా మీరే కట్టాలి, పైన 2 శాతం. మీ 6,800 వీటన్నిటికీ ఎన్నాళ్లు వస్తుంది? మామూలు ఖర్చులకే నెలా నాలుగు రోజులు.

2023 లేఆఫ్‌లలో నా క్లయింటు ఒకాయన 1,100 పెట్టి కొన్న సోఫాని అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో 80కి ఇచ్చేశాడు. కొన్నాయన మెట్ల మీదే ఇంకో పది తగ్గించమని బేరమాడాడట. బ్రాండెడ్ సోఫా గతే అదైతే, సొంతంగా కట్టిన, అందులోనూ సగంలో ఆగిన ట్రైలర్‌ని 60 రోజుల్లో ఎవరు కొంటారు?

అద్దె సంగతి. హెచ్-1బి మీద ఉంటూ అలాంటి పని చేయొచ్చా లేదా అన్నది ఇమిగ్రేషన్ లాయరు తేల్చాలి. ఆయన రాసి ఇచ్చేదాకా ఆ ఆదాయాన్ని సున్నా అనుకోండి. రాని అద్దెతో అప్పు తీర్చడం ఆలూ లేదు చూలూ లేదు సామెతే.

నేను చెప్పేది ఒకటే. నెలనెలా మిగిలే 1,400ని ముందు ఎమర్జెన్సీ ఫండ్‌లో వేయండి. మీ 6,800తో కలిపి ఎనిమిది నెలలకు అది 18,000 అవుతుంది, అంటే మూడు నెలల ఖర్చు. మొదటి ప్లైవుడ్ షీటు అప్పుడు కొనండి, ఒక్కరోజు ముందు కూడా వద్దు. అక్కడి నుంచి ఫండ్‌కు 900, ట్రైలర్‌కు 500. ఫండ్ 36,000 చేరేదాకా ఇదే వాటా. జీరో వడ్డీ క్రెడిట్ కార్డు, పర్సనల్ లోన్ గురించి అడగకండి. సెకండ్‌హ్యాండ్ ట్రైలర్ నగదుతో దొరికితే చూడొచ్చు.

ఈ ఎనిమిది నెలలు పెన్సిలుతో పని చేయండి, ఎందుకంటే మీరు ఉత్తరంతో పాటు పంపిన ట్రైలర్ ప్లాన్‌కి బరువెక్కువ. గోడలకు ముప్పావు అంగుళం ప్లైవుడ్, 20 గ్యాలన్ల ట్యాంకు, ఏసీ, దానికోసం రెండు పెద్ద బ్యాటరీలు. ట్యాంకు నిండితే నీళ్లే దాదాపు 167 పౌండ్లు. మీ పెట్రోలు రావ్4కు లాగుడు పరిమితి 1,500 పౌండ్లు అని రాశారు, ట్రైలరే 1,400 వస్తుందనీ రాశారు. సామాన్లు, మంచాలు, వంట సరుకులు వేశాక? ఏడాది తిరక్కుండానే “సార్, పికప్ ట్రక్కు తీసుకోమంటారా” అని మీ నుంచి ఇంకో ఉత్తరం వస్తుంది. 12,000 అప్పుకు తోడు ట్రక్కు అప్పు.

1,000 పౌండ్లకు గిరి గీసుకోండి. గోడల మధ్యలో చెక్క కోసేసి ఫోమ్ షీటు నింపితే బరువు తగ్గుతుంది, వేడీ ఆగుతుంది. పైన అల్యూమినియం బదులు కాన్వాస్ గుడ్డను జిగురుతో అంటించి పెయింటు వేసేవాళ్లున్నారు. ట్యాంకు బదులు రెండు 5 గ్యాలన్ల క్యాన్లు చాలు. ఏసీ వద్దు, బ్యాటరీ ఒక్కటి. టెక్సాస్ ఆగస్టులో ఆ డబ్బాలో పడుకోవాలని మీ ఆవిడకూ ఉండదు, బిగ్ బెండ్‌కు చలికాలమే మంచిది. మీరు పంపిన ఖర్చుల పట్టీలోంచి ఇవన్నీ, అరువు తెచ్చుకోగల పనిముట్లనూ కొట్టేస్తే నా లెక్కకు 5,500 మిగిలింది. వంట పెట్టె వెనక పెడుతున్నారు కదా, మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ముందు హిచ్ (కారుకు తగిలించే కొక్కెం) మీద పడేలా చూసుకోండి. అంతకు తగ్గితే హైవే మీద ట్రైలర్ తోక ఊపుతుంది.

ప్లైవుడ్ కొనకముందే మీ ఆటో ఇన్సూరెన్స్ ఏజెంటుకు ఫోన్ చేయండి. మీ ట్రైలర్ ఎవరినైనా గుద్దితే సాధారణంగా కారు పాలసీ లయబిలిటీ వర్తిస్తుంది, ట్రైలర్‌కు జరిగిన నష్టం మాత్రం అందులో రాదు. సొంతంగా కట్టినదానికి విడిగా కవర్ ఇస్తారా, ఇస్తే ఏ విలువకు అని అడిగి, జవాబు ఈమెయిల్‌లో తెప్పించుకోండి. ఛాసిస్ దగ్గర్నుంచి మేకుల దాకా ప్రతి రశీదూ ఒక కవర్లో వేసి ఉంచండి.